'లాంగ్వేజ్?' అని అడిగిన పెట్టె

జూన్ 14, శనివారం

మా పర్లాకిమిడిలో పాత ఇనప సామాన్ల కొట్లో ఫ్యాను రెక్కల కోసం వెళ్తే, తక్కెడ పక్కన బీబీసీ మైక్రో అనే పాతకాలం కంప్యూటరు పడి ఉంది. మట్టి రంగు పెట్టె, నల్లటి బొత్తాలు, పై వరసలో నారింజ రంగువి. ముప్పై ఏడేళ్ళ తర్వాత చూసినా గుర్తుపట్టాను. కొట్టాయన ఒడియాలో "టైపు మెషిన్ బాబూ, చెడిపోయింది" అన్నాడు. తూస్తే మూడు కిలోల ఏడొందల గ్రాములు. నా మొహం చూశాడేమో, కిలో లెక్క వదిలేసి నాలుగొందలు అడిగాడు. మూడొందల యాభైకి ఇచ్చాడు. ఫ్యాను రెక్కలు మర్చిపోయి ఇంటికొచ్చాను.

జూన్ 15, ఆదివారం

మూత తీశాను. వెనక రెండు, కింద రెండు మరలు. లోపల పదకొండు బల్లి గుడ్డు పెంకులు, ఎండిపోయిన బొద్దింక ఒకటి, ఒక మూలంతా తుప్పు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని మా గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు ఎన్ని గోదాముల రేకులు లేచిపోయాయో. ఇది ఆ వానలో తడిసిన సరుకేనని నా అనుమానం.

బోర్డు మాత్రం కళకళ్ళాడుతోంది. 6502 ప్రాసెసర్, 2 మెగాహెర్ట్‌జ్. 16 మెమరీ చిప్పులు రెండు వరసల్లో, అన్నీ కలిపి 32 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో వచ్చే ఒక పెళ్ళి శుభలేఖ బొమ్మ కూడా ఇందులో పట్టదు.

ఇది ఇంగ్లండులో 1981 చివర్లో వచ్చిన యంత్రం. ఏకార్న్ వాళ్ళు తయారు చేశారు. మన దేశానికి 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద వచ్చింది, బడిపిల్లలకి కంప్యూటరు నేర్పడానికి. మా బడికీ వచ్చాయి. ఏ బడో చెప్పను. తొమ్మిదో తరగతిలో మా వరస వచ్చింది. చెప్పులు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని, బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాం. మాస్టారు పూల గుడ్డ కవరు తీసి, స్విచ్చి వేసి, "ఇదే కంప్యూటరు" అని చెప్పి మళ్ళీ కవరు కప్పేశారు. బొత్తాం నొక్కనిచ్చింది ఇన్‌స్పెక్షను రోజున, అదీ క్లాసు లీడరుకి. నేను లీడర్ని కాను.

జూన్ 22, ఆదివారం

ముందు పవర్ సప్లై. పాత కంప్యూటర్లతో ఆడుకునేవాళ్ళకి మొదటి పాఠం ఇదే: దొరికిన రోజునే ప్లగ్గులో పెట్టకూడదు. ఇందులో కరెంటు లోపలికొచ్చే చోట రెండు కెపాసిటర్లుంటాయి, ఒకటి 0.1, ఒకటి 0.01 మైక్రోఫారడ్. లోపల కాయితం, పైన పసుప్పచ్చటి గట్టి పూత. ఏళ్ళు గడిచేసరికి ఆ పూత బీటలిస్తుంది, బీటల్లోంచి తేమ దిగి కాయితంలో చేరుతుంది. తర్వాత ఎవరో మురిపెంగా స్విచ్చి వేస్తారు. పది నిమిషాల్లో 'ఠప్', ఇల్లంతా ముక్కు పగిలే కాలిన వాసన. నా వాటి మీద బీటలు భూతద్దం లేకుండానే కనపడ్డాయి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఊళ్ళో తేమకేం తక్కువ!

రెండూ పీకేసి, మెయిన్స్ మీద వాడే ఎక్స్-2 రకం ప్లాస్టిక్ ఫిల్మువి వేశాను. పనిలో పనిగా 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కూడా మార్చాను.

తర్వాత రేడియో మావ దగ్గరికి. మావకి డెబ్భై రెండు. వాల్వు రేడియోల కాలం నుంచీ బజార్లో అదే బల్ల. ఇప్పుడు మిక్సీలే ఎక్కువ వస్తాయి.

"ఏటల్లుడూ, నేరుగా ప్లగ్గులో ఎట్టీసినావేటి?"

"లేదు మావా, నీ సీరీస్ బోర్డు కోసమే వచ్చాను."

"అదీ తెలివంటే."

సీరీస్ బోర్డంటే ఒక బల్బు హోల్డరు, ఒక ప్లగ్గు సాకెట్టు, వరసగా కలిపిన చెక్క. అరవై వాట్ల పాత బల్బు పెట్టాడు. లోపల ఎక్కడన్నా షార్టుంటే బల్బు ధగధగా వెలుగుతుంది, వస్తువు బతికిపోతుంది. బల్బు ఒక్కసారి మెరిసి ఎర్రటి పోగులా తగ్గిపోయింది. ఈ రకం సప్లైకి మోయడానికి బరువుండాలి కాబట్టి ఎర్ర తీగకీ నల్ల తీగకీ మధ్య మోటారు సైకిలు ఇండికేటరు బల్బు కట్టాం. 5.04 వోల్టులు. ఊదా తీగ మీద మైనస్ 5 కూడా వచ్చింది.

జూన్ 27

రథయాత్ర. కొట్లు లేవు, కరెంటూ లేదు. తాడు పట్టుకుని లాగొచ్చాను.

జూలై 6, ఆదివారం

బోర్డుకి కరెంటు ఇచ్చాను. కూ... అని ఒకటే కూత, ఆగదు. వీధి చివరి ఇంటావిడ పాలవాడనుకుని గిన్నె పట్టుకొచ్చింది.

బీబీసీ మైక్రో వెలిగితే రెండు స్వరాల్లో చిన్నగా పలకాలి: ముందొకటి మంద్రంగా, తర్వాత 'బీప్' అని. ఆ మొదటి శబ్దానికో కథుంది. కరెంటు తగలగానే సౌండు చిప్పు దానంతటదే మోగడం మొదలెడుతుంది. ప్రాసెసరు నిద్రలేచి, తన పనులు మొదలెట్టి, 'ఊరుకో' అని దాని నోరు మూయించాలి. కూత ఆగలేదంటే ప్రాసెసరు ఆ దాకా రాలేదన్నమాట. పెద్దవాళ్ళు లేవని ఇంట్లో చంటిపిల్ల ఏడుపు.

సంకేతం ఉందో లేదో చూపే లాజిక్ ప్రోబుతో చూశాను. ప్రాసెసరు 37వ కాలి మీద గడియారపు సంకేతం ఆడుతోంది. 40వ కాలు, అంటే రీసెట్టు, పైకి లేచి నిలబడింది. ప్రాసెసరుకి ఊపిరుంది, చెయ్యాల్సిన పని మాత్రం అందడం లేదు. పని రాసిపెట్టి ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రోమ్ చిప్పులో, అంటే కరెంటు పోయినా చెరగని చిప్పులో, ఐసీ 51లో. దాని కాళ్ళు వెండి పట్టీలు నల్లబడినట్టు నల్లగా ఉన్నాయి.

జూలై 13, ఆదివారం

సాకెట్టులోంచి తీసి, కాళ్ళు శుభ్రం చేసి, మళ్ళీ పెడితే చాలంటారు. నిజమే. తీయడం రావాలి గానీ.

చిన్న స్క్రూడ్రైవరు ఇటోసారి అటోసారి దూర్చి లేపాను. చిప్పు పైకొచ్చింది, 28వ కాలు సాకెట్టులోనే ఉండిపోయింది. 5 వోల్టులు అందుకునే కాలదే. ఇరవై ఏడు ఊడినా ఇంత ఏడుపొచ్చేది కాదేమో అనిపించింది, అర్థం లేని మాటే అయినా.

27128 ఈప్రామ్ అనే, మనం రాసుకోగలిగే చిప్పు తెప్పించి అందులో ఆ 16 కిలోబైట్లూ రాయించొచ్చు. రాసే యంత్రం ఈ ఊళ్ళో లేదు. బరంపురంలో ఇద్దర్ని అడిగాను, ఇద్దరూ "పెన్ డ్రైవా అన్నా?" అన్నారు.

కాలు మొదలంటా తెగింది, అతుకు పెట్టడానికి మొండెం కూడా లేదు. నల్లటి ప్లాస్టిక్కు ఒళ్ళు కొంచెం గీకితే లోపలి లోహం బయటపడుతుంది. దానికి తీగ అతకాలి. ఎంత గీకాలి? అర మిల్లీమీటరు. ఎక్కువైతే లోపల వెంట్రుకంత తీగ తెగుతుంది, చిప్పు చచ్చినట్టే. నా చేతులు చూసుకున్నాను. రెవెన్యూ కాయితాలు కుట్టే చేతులు.

జూలై 20, ఆదివారం

మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు. దున్నపోతు కొమ్ముని కాచి, వంచి, గీకి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. రొయ్య మీసం దారం కంటే సన్నగా తీసే తాత ఒకాయన మా అమ్మకి వరసకి బాబాయి అవుతాడు. చిప్పు తీసుకెళ్ళి చూపించాను.

"ఇదేటిరా, జెర్రికి కాలిరిగినట్టుంది."

"ఈ మూల, తాతా. లోపల తెల్లగా మెరిసేదాకా గీకాలి. మెరవగానే ఆపెయ్యాలి."

తాత చిప్పుని గోటితో మీటి శబ్దం విన్నాడు. "కొమ్ము కంటే పెళుసు. దీనికి నార లేదు. ఇది రాలతాది గానీ లేవదు" అన్నాడు. కొమ్ముకి నార ఎటు పోతే ఆకురాయి అటే పోవాలట, ఎదురు గీకితే పెళ్ళ లేస్తుంది. దీనికా బాధ లేదు కాబట్టి సులువేనని తేల్చాడు. పుల్లంత సన్నటి ఆకురాయి తీసి, చిప్పుని కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బిగించాడు. నా గుండె గొంతులోకి వచ్చింది. స్థిర విద్యుత్తు గురించి చదివిందంతా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఎనిమిదో, పదో గీతలు. ఊదాడు. ఆవగింజలో సగం, తెల్లగా మెరిసింది.

"సాలా?"

చాలు. డబ్బులు పుచ్చుకోలేదు. "అది పలికినాక సెప్పు, వచ్చి సూస్తాను" అన్నాడు. ఆకురాయి కూడా నాకే ఇచ్చి పంపాడు, మిగతా కాళ్ళ నలుపు తీసుకోమని.

రాత్రి రెసిస్టరు కాలు ముక్క కత్తిరించి అతికాను. ఒక్క బొట్టు తగరం. ఊపిరి బిగబట్టి చేసే పనులు మనిషికి జీవితంలో నాలుగో ఐదో ఉంటాయి.

జూలై 27, ఆదివారం

ముందు తెర సంగతి. ఈ పెట్టె వెనక గుండ్రటి బీఎన్‌సీ సాకెట్టు ఉంటుంది, నలుపు తెలుపు బొమ్మ అందులోంచి వస్తుంది. దానికి తగిన పిన్ను కోసం ఊరంతా తిరగక్కర్లేదు. సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్ళ సంచీలో కావలసినన్ని. ఇరవై రూపాయలు. టీవీ వెనక పసుప్పచ్చ బొక్కలో రెండో కొస దూర్చి, సీరియల్ అయ్యేదాకా ఆగి, రిమోటు అమ్మ దగ్గర బతిమాలి తీసుకుని, స్విచ్చి వేశాను.

కూత. అరక్షణం. ఆగింది. బీప్!

తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కే'. దాని కింద ఒకే ఒక్క మాట, ప్రశ్నార్థకంతో సహా:

'లాంగ్వేజ్?'

దాని భావం నాకు తెలుసు. బేసిక్ ఉన్న చిప్పు కనపడటం లేదు, ఏ కంప్యూటరు భాషలో పని చెయ్యమంటావని అడుగుతోంది. పక్క సాకెట్టులోని రెండో చిప్పు కాళ్ళు కూడా నల్లబడ్డాయి, అంతే. కానీ రేడియో మావ పక్కనే ఉన్నాడు. ఏం రాసిందని అడిగితే చెప్పాను. పడీ పడీ నవ్వాడు.

"పర్లాకిమిడొచ్చి ఏ బాసని అడగతందా? దీనికి సిగ్గు నేదు!"

మా ఊరివాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ, కొండ దిగి వచ్చిన సవరలతో ఇంకొకటి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు, ఇక్కడే దశాబ్దాలు పాఠాలు చెప్పి వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళ మనవలం మేం. పాతపట్నం ఆటోలో పోయేంత దూరం, అవతలంతా తెలుగు బోర్డులు. మా అమ్మాయి ఏడో తరగతి. ఒడియా చకచకా చదువుతుంది, ఇంగ్లీషు సరేసరి. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది.

రెండో చిప్పు మావే తీశాడు, కాలొక్కటీ విరగలేదు. తాత ఆకురాయితో నలుపు గీకి పెట్టాడు. ఈసారి 'బేసిక్' అని వచ్చింది, కింద బాణం గుర్తు, ఆడుతూ ఒక గీత.

"అడిగింది గదా, తెలుగని సెప్పీ" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

ఆగస్టు 3

కీబోర్డు. పద్నాలుగు బొత్తాలు పలకలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు చుక్క వేసి ఒక్కోటి వందసార్లు నొక్కడం. అమ్మాయి పదమూడు బాగుచేసింది, నేను ఒకటి. 'ఎల్' ఇప్పటికీ ఒక్కోసారి రెండు పడుతోంది.

ఆగస్టు 10, ఆదివారం

మావ మాట బుర్రలోంచి పోలేదు. ఈ యంత్రంలో తెలుగు లేదు. కానీ మనం గీసిన బొమ్మని అక్షరంగా ఒప్పుకునే గుణం ఉంది. ఎనిమిది గళ్ళ వెడల్పు, ఎనిమిది గళ్ళ ఎత్తు. వరసకో సంఖ్య. ఎడమ నుంచి గళ్ళ విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ళ విలువలు కూడితే ఆ వరస సంఖ్య. అమ్మాయి లెక్కల గ్రాఫు పుస్తకం తీసుకుని సున్నతో మొదలెట్టాను, అంతకంటే గుండ్రటిది ఏముంది కనక:

వీడీయూ 23,224,60,66,129,129,129,129,66,60

చివరి ఎనిమిదీ వరసల సంఖ్యలు, 224 ఆ అక్షరం నంబరు. దాన్ని అచ్చువెయ్యమంటే తెర మీద చక్కటి సున్న. అమ్మాయిని పిలిచి, ఏమిటో చదవమన్నాను.

"ఠ" అంది.

తప్పు దానిది కాదు. ఒడియాలో ఠ అంటే ఒట్టి గుండ్రమే. నేను నడిమి రెండు వరసల్లో 129 తీసి 153 పెట్టాను. సున్న మధ్యలో చుక్క పడింది. "ఇదీ మన ఠ" అన్నాను. "మరి తలకట్టు?" అంది. పెట్టడానికి పైన గడి మిగల్లేదు!

అక్కడ తెలిసింది, ఎనిమిది గళ్ళలో ఇంగ్లీషు బతుకుతుంది గానీ తెలుగు బతకదు. తలకట్టుకి పైన చోటు కావాలి, గుడికి ఇంకా పైన, ఒత్తుకి కింద. 'ప' పైన తెరిచి ఉండాలి, 'వ' మూసుకోవాలి, ఒక్క గడి తేడాలో మాట మారిపోతుంది. అంచేత ఒక్కో తెలుగు అక్షరానికి నాలుగు పెట్టెలు: రెండు పైన, రెండు కింద. పదహారు గళ్ళ చతురస్రం. పై రెండూ అచ్చువేసి, ఒక మెట్టు దిగి, రెండడుగులు వెనక్కొచ్చి, కింది రెండూ వెయ్యాలి. 10 అంటే దిగు, 8 అంటే వెనక్కి. రంగోలీ వేసినట్టే.

ఆగస్టు 17, ఆదివారం

ఇవాళ దెబ్బ తిన్నాను.

మామూలుగా సొంత అక్షరాలకి ఇది ఇచ్చే చోటు 32 పెట్టెలు. నాలుగేసి చొప్పున ఎనిమిది తెలుగు అక్షరాలు. చాలవనుకుని, స్టార్ ఎఫెక్స్ 20,3 అనే ఆజ్ఞ కొట్టాను. దాంతో పెట్టెలు 128 అవుతాయి. ఊరికే రావు కదా, 768 బైట్ల మెమరీ తీసుకుంటుంది. ఎక్కడి నుంచి? సరిగ్గా బేసిక్ ప్రోగ్రాము కూర్చున్న చోటి నుంచి. ప్రోగ్రాముని ముందే పైకి జరపాలి, అది మొదలయ్యే చోటు చెప్పే పేజ్ విలువ పెంచి. నేను జరపలేదు. ఉదయం నుంచీ గ్రాఫులోంచి ఎక్కించిన డేటా వరసల మీదే కొత్త అక్షరాలు వెళ్ళి కూర్చున్నాయి. లిస్టు అడిగితే 'బ్యాడ్ ప్రోగ్రామ్' అంది. పోయిన ప్రోగ్రాముని వెనక్కి తెచ్చే ఓల్డ్ కొట్టాను, అదే మాట. నాలుగు గంటల పని!

టీ తాగాక చల్లగా లెక్క వేశాను. నేను రాయాలనుకున్నది మా ఊరి పేరు. ప, ర్లా, కి, మి, డి. నాలుగింటికి నాలుగేసి, 'ర్లా' కింద ల ఒత్తుకి ఇంకో రెండు కలిపి ఆరు. మొత్తం 22 పెట్టెలు. ఉన్న 32లోనే దర్జాగా పట్టేది. ఆ ఆజ్ఞ అవసరమే లేదు.

ఆగస్టు 29, శుక్రవారం

గిడుగు వారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఇవాళ్టికి పూర్తి చేద్దామనుకున్నాను. 'ర్లా' అవగానే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మెమరీలో ఏదీ నిలవదు కాబట్టి అన్నీ పోయాయి. ఇక క్యాసెట్టు సంగతి చూడకుండా ఒక్క వరస కూడా కొట్టను.

సెప్టెంబరు 7, ఆదివారం

పెట్టె వెనక క్యాసెట్టు సాకెట్టుకి ఏడు బొక్కలు. మావ దగ్గరున్నది ఐదు పుల్లల డిన్ ప్లగ్గు, పాత ఆంప్లిఫయరుది. అదే సరిపోయింది. మిగతా రెండూ టేపు మోటారుని ఆపి నడిపేవి, ఆ పని వేలితో చెయ్యొచ్చు. టేపు రికార్డరు నాన్నది. రబ్బరు బెల్టు మార్చాం.

ఇందులో అంకెలు శబ్దాలై టేపు మీదికి వెళ్తాయి. సున్నకి 1200 హెర్ట్‌జ్ అల ఒకటి, ఒకటికి 2400 హెర్ట్‌జ్ అలలు రెండు. వినడానికి కీచురాళ్ళు కొట్లాడుకున్నట్టుంటుంది. సేవ్ చేశాను, వెనక్కి తిప్పి లోడ్ కొట్టాను. 'సెర్చింగ్' అంటుంది, దొరకదు. మావ చిన్న స్క్రూడ్రైవరు తీసి, టేపు తల పక్కనున్న మరని చెవి ఆనించి తిప్పాడు.

"మందంగా ఉంటే తల వంకరన్నమాట. గొంతు సన్నగా కోసినట్టు రావాల. ఆఁ... ఇదుగో, ఇక్కడ."

మర అక్కడ ఆగింది. ప్రోగ్రాము పేరు కనపడింది, పక్కన ముక్కల లెక్క పెరగసాగింది. ముక్కకి 256 బైట్లు. అప్పటికే తాత కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అమ్మ సీరియల్ త్యాగం చేసింది. రన్ కొట్టమని అమ్మాయికి చెప్పాను.

నల్ల తెర మీద తెల్లగా ఒక్కో అక్షరం, పై సగం ముందు, కింది సగం తర్వాత. అమ్మాయి వేలు పెట్టి కూడబలుక్కుంది. "ప... రా... కాదు, కింద ఏదో ఉంది, ర్లా... కి, మి, డి."

తాత మాత్రం తెరకి దగ్గరగా జరిగి, కళ్ళు చికిలించి, "ఒత్తు తోక మొండిగా ఉంది. ఇంకో రెండు గీతలు గీకాల" అన్నాడు.

నిజమే, చివరి వరసలో 24 బదులు 30 పెడితే తోక సాగుతుంది. రేపు ఆఫీసు నుంచి రాగానే అది మార్చి, మళ్ళీ టేపు బి వైపు ఎక్కించాలి. ఆకురాయి ఇంకా తిరిగివ్వలేదు.